సోములమ్మ పన్ను, ఆరోగ్య కార్డు, ఒక చాప

అరకు సర్కారు ఆసుపత్రి పళ్ళ గదికి సోములమ్మ ఒక్కర్తే రాలేదు. వెనకే మొగుడు గాసి, గాసి నెత్తిన చాప, చంకలో దుప్పటి, చేతిలో చోడంబలి కుండ వచ్చాయి. ఆసుపత్రిలో పడుకుంటేనే ఆరోగ్య కార్డు పనిచేస్తుందని సంతలో ఎవరో చెప్పారు. చట్టమంటే గౌరవం గల దంపతులు కనుక పడుకోవడానికి సిద్ధపడే బయల్దేరారు.

సోములమ్మది అడ్డపొగ. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, కాఫీ పళ్ళు కోస్తూ, మొగుణ్ణి తిడుతూ, బూడిద రాలకుండా కాల్చగలదు. ఇంతటి విద్యకు ఒక దవడ పన్ను ఎదురుతిరిగింది. పుచ్చి గుంటపడి, వేడి తగిలితే జివ్వుమంటోంది. పన్ను పోకూడదు, చుట్ట మానకూడదు. ఆమె కోరిక ఇంతే.

డాక్టరు సౌందర్య పన్ను చూసింది, తర్వాత చాపను చూసింది.

"పన్ను నింపడం కార్డులో లేదమ్మా. అది ఆపరేషన్లకి, పెద్ద జబ్బులకి. దీనికి మంచం ఇవ్వరు."

"మరి ఈ సాపేటి సెయ్యాలమ్మా?" అన్నాడు గాసి, అన్యాయం జరిగినవాడిలా.

"ఇంటికి పట్టుకెళ్ళండి. ఇక్కడ ఊరికే నింపుతాం. వెండిరంగుది గట్టిది, కానీ లోహం. వేడి లోపలికి లాగుతుంది. పంటిరంగుది అంత లాగదు, కానీ పొగకి మరకలు పడతాయి. ఏది వెయ్యమంటారు?"

"నిప్పు నోట్లో ఎట్టుకుంటే ఏది ఆగుద్ది?"

డాక్టరుకు అర్థం కాలేదు. సోములమ్మ కొప్పులోంచి చుట్ట తీసి, వెలిగించకుండానే ఎలాగో చూపించింది. సౌందర్య టార్చి అందుకుని అంగిలి మీద వేసింది.

"ఈ తెల్లమచ్చలు ఎన్నాళ్ళనుంచి?"

"అవి నాకెలగ అగుపడతాయమ్మా?"

"ఇవి పెద్ద డాక్టరుకి చూపించాలి. ఈ పొగ మానకపోతే కేన్సరు కావచ్చు." టార్చి ఆర్పి అంది: "దానికైతే కార్డు ఉంది. మంచం, మందులు, ఆపరేషను, అన్నీ."

గాసి ముఖం వెలగబోయి, మధ్యలో ఆగిపోయింది.

సోములమ్మ గోడకి ఆనించిన చాపకేసి చాలాసేపు చూసింది. తర్వాత చుట్టని నలిపి, ఉమ్మే తొట్టిలో పడేసింది.

"ఓలె, ఆ సుట్ట నాకియ్యొచ్చు గదే!" అన్నాడు గాసి.

"నువ్వు సాప మొయ్యి. ఇంటికాడే పడుకుంటాను నాను." డాక్టరు వైపు తిరిగింది. "పంటిరంగుదే ఎయ్యమ్మా. మరకలు పడవులే."

అని నోరు తెరిచింది.