కొబ్బరిచెట్టు మీద ఇంటర్నెట్

మా ఊరికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఏడాదే మా చెల్లెలి ఊరికి రాదని తేల్చేశారు. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. మా మేడ మీంచి చూస్తే జీడితోటలు, వాటి వెనక కొబ్బరి తలలు, ఆ వెనక నీళ్ల మెరుపు. అంతే దూరం. టెలిఫోన్ ఆఫీసులో కుర్చీలో ఉన్నాయన నా అర్జీ చదవకుండానే "అక్కడ డిమాండ్ లేదండి" అన్నాడు. ఎదురుగా నిలబడి అడుగుతున్న నేను మనిషిని కానా? ఓట్లు అడగడానికి దారి తెలిసిన ఊరికి తీగ లాగడానికి మాత్రం దారి తెలియదు. ఆ మాట అక్కడే అనేసి వచ్చాను. పని మాత్రం జరగలేదు.

పని నాది కాదు, మేనకోడలిది. డిగ్రీ అయింది. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేసి పంపే పని ఇస్తామంది హైదరాబాదు కంపెనీ ఒకటి. ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు వారం రోజులు చూస్తారు. చెప్పిన వేళకి ఫైలు అందకపోతే పని లేదు. వాళ్ల నాన్న, అంటే మా బావ, వేటకెళ్లే మనిషి. ఆయనది ఒకటే మాట.

"ఇంట్లో సేస్తానంటే సెయ్యనీ. నేదంటే పెళ్లి సేసీడమే. పట్నం మాత్రం పంపను."

నేను నాలుగో తరగతితో బడి వదిలి, పలాసలో రేడియోలూ టీవీలూ బాగుచేస్తూ, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాణ్ణి. నా ఇంటి నెట్టుని గాల్లో అక్కడిదాకా పంపొచ్చని చదివాను. రెండు జాలీ డిష్‌లు, ఇనప వలలాంటి గొడుగులు, విశాఖ నుంచి తెప్పించాను. ఒకటి నా మేడ మీద, ఒకటి వాళ్ల ఊళ్లో. ఒకదానికొకటి కనబడాలి, మధ్యలో ఆకు కూడా అడ్డు రాకూడదు.

తోటలతో నిండిన మా ఉద్దానంలో ఆకు అడ్డురాని చోటెక్కడిది? చెట్టు కొట్టమని అడిగితే తగువుకొచ్చారనే అనుకుంటారు. పెంకుటింటి మీద అంత ఎత్తు గొట్టం గాలికి నిలవదు. చెట్లను మించిన ఎత్తు ఆ ఊళ్లో మరో చెట్టే, బావ పెరట్లోది. తుఫానుకి చుట్టూ ఉన్నవి కూలినా అది కూలలేదు.

"దాని మీద కట్టీ బావా. అదెక్కడికీ పోదు" అన్నాడాయన. ఇద్దరం ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటాం.

చెట్టు నడినెత్తిన కొత్త కమ్మలు పుట్టే మొవ్వు పక్కన వెదురు బొంగు కట్టి, దాని కొసన డిష్ బిగించాం. తెల్లవారాక నెట్టు వచ్చింది. పొద్దెక్కి సముద్రం గాలి లేవగానే చెట్టు తల ఊగింది, నెట్టు పోయింది. ఊగి మళ్లీ అటు తిరిగితే క్షణం వచ్చేది, ఇటు తిరిగితే పోయేది. మూడు వైపులా పడవ తాళ్లతో కట్టాం. మాను నిలిచింది, తల నిలవలేదు. కంపెనీవాళ్లు చూసే ఆ వారమంతా చెల్లెలింట్లో నాకు కూర్చున్న చోట కుదురు లేదు. ఇంట్లోకెళ్లి నెట్టు డబ్బా మీద దీపం చూడటం, పెరట్లోకొచ్చి కమ్మలు చూడటం.

"మావయ్యా, నువ్వలా తిరిగితే గాలి ఆగుద్దేటి? కూకో" అనేది పిల్ల. గాలి లేవకముందే పని ముగించి పంపేది.

ఆఖరి రోజు వాళ్లు ఫైలు పొద్దెక్కాక ఇచ్చారు. మధ్యాహ్నంలోగా కావాలన్నారు. పిల్ల టైపు చేసేసింది. పంపబోతే సగంలో తెగింది. మళ్లీ పంపింది, మళ్లీ తెగింది. మూడోసారీ తెగేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు.

"ఏటయినాది?" అన్నాడు గుమ్మంలో బావ.

"కమ్మలకి గాలి తగుల్తంది నాన్నా."

ఆయన నావైపు చూశాడు. కమ్మలు కొట్టమనడానికి ఆ చెట్టు నాది కాదు. కత్తి మొలలో దోపుకుని ఎక్కాడు. మొదటి కమ్మ పడేసరికి మా చెల్లెలు వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"కాపుమీదున్న సెట్టు. మతి పోనాదేటి నీకు?"

"పక్కకి తప్పుకో, నెత్తిన పడతాది" అన్నాడు పైనుంచి.

పచ్చి కమ్మలూ లేత గెలలూ పడ్డాయి. చివరికి మొవ్వొక్కటే మిగిలింది. లోపల్నుంచి పిల్ల గొంతు వినిపించింది: "ఫైలెల్లిపోనాది నాన్నా." ఆయన దిగి, అరిచేతులు పంచెకి తుడుచుకుని, రేవుకి వెళ్లిపోయాడు.

ఉద్యోగం ఇచ్చినట్టు మర్నాడు కబురొచ్చింది. రోజూ చేయాలి. మొవ్వుంటే కొత్త కమ్మలు వస్తాయి, కమ్మలొస్తే మళ్లీ ఊగుతాయి. మొవ్వు తీస్తే చెట్టే చచ్చిపోతుంది. ఈ సంగతి ఎవరమూ ఆయనకు చెప్పలేదు. ఆయనే మళ్లీ ఎక్కాడు, మొవ్వు కోసి దించాడు, డిష్‌ని మానుకే కట్టేశాడు.

మొవ్వు తియ్యగా ఉంటుంది. చెల్లెలు దాన్ని ముక్కలు చేసి పళ్లెంలో పెట్టి, కూతురికి పని దొరికిందని చెబుతూ ఇంటింటికీ పంచింది. నాకూ ఇచ్చింది, తిన్నాను. బావ దగ్గరికి తీసుకెళ్తే వల మీంచి తలెత్తలేదు.

"పిల్లకెట్టు" అన్నాడు.