వంకర రేకు ముగ్గు

ఆ ఇంట్లో నాకు మొదట నచ్చినవి చీటీలు. పప్పుల డబ్బాల మీద, ఫ్యాన్ స్విచ్చుల మీద, మందుల పెట్టె మీద, చివరికి గొడుగు వేలాడే మేకు పక్కన కూడా తెల్లటి చీటీలు అంటించి ఉండేవి. చిన్న గుండ్రటి అక్షరాలు. గది చూడటానికి వెళ్లిన రోజు వంటింటి గుమ్మంలో నిలబడి వాటన్నిటినీ చదివాను. "కందిపప్పు." "వంటింటి లైటు." వీధి తలుపుకు లోపలివైపు, కళ్ల ఎత్తులో, "తాళం జేబులో ఉందా?" నేను ఉండబోయే గది ఇంకా చూడకముందే ఈ ఇల్లు నాకు సరిపోతుందనుకున్నాను.

ఐటీ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులవి. వారం వారం హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి కొత్త ఇంజినీర్లు దిగేవారు. చాంగీ బిజినెస్ పార్క్ క్యాంటీన్‌లో మధ్యాహ్నం పూట ఏ బల్ల దగ్గర కూర్చున్నా వెనక నుంచి తెలుగు వినిపించేది. అక్కడ ఒక బ్యాంకు ఆఫీసులో నాది పొద్దుటి షిఫ్టు. రాత్రి కంప్యూటర్లు చేసిన పనులు వరుసగా ముగిశాయో లేదో జాబితా చూసి టిక్కు పెట్టడమే నా ఉద్యోగం. సాయంత్రం నాలుగింటికల్లా సెరంగూన్‌లో ఇంట్లో ఉండేవాణ్ణి.

ఇంటివాళ్లు రిటైరైన దంపతులు. పిల్లలు లేరు. అంకుల్ ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో క్రేన్లు తనిఖీ చేశారు. నన్ను ఎప్పుడూ "ఇంజినీరూ" అనే పిలిచేవారు. ఆంటీది విశాఖ వైపు. మాది తొమ్మిదో అంతస్తు. బియ్యప్పిండితో వేస్తే చీమలు పడుతున్నాయని, రోజూ సాయంత్రం గుమ్మం ముందు సిమెంటు నేల మీద సుద్దముక్కతోనే ముగ్గు వేసేవారు. ఆమె కుడి మణికట్టు ఒకప్పుడు విరిగి కాస్త పక్కకు అతికింది. అందువల్ల ఏ ముగ్గు వేసినా ఎడమవైపు కింది రేకు లోపలికి వంగేది. అది ఆమె సంతకం లాంటిది.

కారవాన్ తీసుకుని ఆస్ట్రేలియా ఉత్తరాన తిరగాలన్నది అంకుల్ కోరిక. డార్విన్‌లో బండి, దాని వెనక తగిలించే చక్రాల ఇల్లులాంటి కారవాన్, ఒక శాటిలైట్ ఫోన్ అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి దక్షిణానికి, తర్వాత పడమటికి వెళ్లాలని పథకం. జాబితాలు రాసే పని నాకు అప్పగించారు. మూడు వారాల పాటు సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశాను. పొద్దున బయల్దేరే ముందు చేయవలసినవి పద్నాలుగు: గ్యాస్ కట్టేయడం, మెట్టు పైకి మడవడం, కొక్కెం గొలుసు లాగి చూడటం, వెనక లైట్లు... సాయంత్రం బండి ఆపాక చేయవలసినవి పదకొండు.

"నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లయ్యా?" అని అంకుల్ అడిగారు.

చెప్పాను. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగారు. ఆ వారంలోనే మూడోసారి అడిగారు. తనిఖీ చేసిన మనిషి కదా, ప్రతిదీ మూడుసార్లు సరిచూసుకుంటారని మురిసిపోయాను. ట్యాంకు కొలత కూడా జాబితాలో చేర్చాను. ఆ తర్వాత ఆయన అడగలేదు.

"పెళ్లికి కూడా ఇలాగే రాసుకుంటావా ఇంజినీరూ?" అన్నారు అంకుల్. "తాళి ఒకటి, పెళ్లికూతురు ఒకటి, టిక్కు, టిక్కు."

"ఊరుకోండి. ఆ పిల్లాడు రాయబట్టే మనం వెళ్తున్నాం" అన్నారు ఆంటీ.

చివరి కాగితం పథకం. రోజుకో వరుస: ఆ రోజు ఆగే చోటు, వెళ్లాల్సిన దూరం. పక్కన ఖాళీ గళ్లు: డీజిల్ పోయించినప్పుడు మీటర్ రీడింగ్, సాయంత్రం మీటర్ రీడింగ్. అన్నిటికీ ఆఫీసులో ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇచ్చాను. ప్రతి సాయంత్రం అయిదుంబావుకు అంకుల్ ఫోన్ చేసి ఆ రోజు వరుస చదవాలి, నేను ఇక్కడ కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఫోన్ రాకపోతే మర్నాటి దాకా చూసి పోలీసులకు చెప్పాలి. ఇదీ ఒప్పందం.

వాళ్లు వెళ్లాక ఆ ఇంట్లో నేనూ చీటీలూ మిగిలాం. పొయ్యి పక్కన ఒకటి, "గ్యాస్ ఆపావా?" అని. ప్రతిసారీ చదివేవాణ్ణి, ప్రతిసారీ ఆపి ఉందో లేదో చూసేవాణ్ణి. ఎవరో గదిలో ఉండి మెల్లగా అడుగుతున్నట్టుండేది. నాకు ఇబ్బందేమీ అనిపించలేదు.

ఫోన్ మాత్రం ఒక పట్టాన అలవాటు కాలేదు. మాట అటు చేరడానికి, జవాబు రావడానికి మధ్య సెకనున్నర పట్టేది. ఆ ఖాళీలో నా గొంతే నాకు వెనక్కి వినిపించేది. అంకుల్ అంకెలు చదివి ఫోన్ ఆంటీకి ఇచ్చేవారు. రోడ్డు గీత గీసినట్టుందని, గంటకో బండి కూడా ఎదురు రాదని ఆంటీ చెప్పేవారు. దారి పొడుగునా మనిషంత చెదపుట్టలట. "వాటికి ఎవరో చొక్కాలు తొడిగారు బాబూ. టోపీలు కూడా. దూరం నుంచి చూస్తే రోడ్డు పక్కన మనుషులు నిలబడి మన కోసం చూస్తున్నట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే ముఖం ఉండదు."

"చెదలక్కూడా సిగ్గొచ్చిందే!" వెనక నుంచి అంకుల్ గొంతు.

ఎక్కడ ఆగినా కారవాన్ మెట్టు ముందు ఎర్రమట్టిని చేత్తో చదును చేసి, అక్కడ మాత్రం బియ్యప్పిండితోనే ముగ్గు వేస్తున్నానని, తెల్లారేసరికి చీమలు సగం మోసుకుపోతున్నాయని చెప్పారు.

తొమ్మిదో రోజు ఫోన్ సరిగ్గా అయిదుంబావుకే వచ్చింది. అంకుల్ చదివారు. నిన్నటి రీడింగ్ 48,210. డీజిల్ దగ్గర 48,366. ఇప్పుడు 48,522. మొత్తం 312 కిలోమీటర్లు. పథకంలో 305 ఉంది. ఏడు కిలోమీటర్ల తేడా లెక్కలోకి రాదు. ఆగిన చోటు పేరు పథకంలో ఉన్నదే చెప్పారు. టిక్కు పెట్టాను. ఆంటీ ఫోన్ తీసుకున్నారు.

"బాబూ, మాకంటే ముందు ఇక్కడ ఎవరో ముగ్గు వేశారు."

నవ్వాను. "తెలుగువాళ్లెవరో దిగుంటారు ఆంటీ. మనవాళ్లు లేని చోటెక్కడ?"

సెకనున్నర. "ఈయనా అదే అంటున్నారు. కానీ రేకు వంగి ఉంది బాబూ. ఎడమవైపు, కిందది."

"చూశావా! నీలాగే చెయ్యి విరిగినావిడ ఇంకొకత్తె ఉందన్నమాట లోకంలో" అని వెనక అంకుల్ నవ్వారు.

ఆంటీ నవ్వలేదు. గొంతు తగ్గించారు. "పొద్దున ఎర్ర చొక్కా తొడిగిన పుట్ట ఒకటి ఎడమవైపు కనిపించింది. మధ్యాహ్నం అలాంటిదే కుడివైపు కనిపించింది. అన్నట్టు, రోజూ మధ్యాహ్నం ఎండ ముఖాన కొట్టేది కదా, ఈవేళ వీపు మీదుంది. హాయిగా నిద్ర పట్టేసింది. లేచేసరికి ఇక్కడున్నాం."

నా కళ్లు మళ్లీ ఆ వరుస మీదికి వెళ్లాయి. 48,210 నుంచి 48,366కి నూట యాభై ఆరు. అక్కడి నుంచి 48,522కి నూట యాభై ఆరు. డీజిల్ పోయించే దాకా ఎంత దూరం వెళ్లారో, పోయించాక సరిగ్గా అంతే దూరం. కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"ఆంటీ, అక్కడ చెత్తడబ్బా ఉందా?"

"ఉంది."

"మూత తీసి చూడండి. నిన్న మీరు పారేసింది ఏమైనా అందులో ఉందా?"

అడుగుల చప్పుడు. మట్టి మీద చెప్పులు. డబ్బా మూత చప్పుడు.

"నా బియ్యప్పిండి కవరుంది బాబూ. నిన్న సాయంత్రం ఖాళీ చేసి పారేసింది. టెక్కా మార్కెట్లో మనం కొన్నాం చూడు, అదే." తర్వాత, "ఇది నిన్నటి చోటే" అన్నారు.

అసలు భయం అప్పుడు మొదలైంది. పథకంలో మర్నాటి నుంచి నాలుగు వందల కిలోమీటర్ల మట్టిరోడ్డు ఉంది. మధ్యలో డీజిల్ దొరకదు, మనుషులుండరు. ఆంటీకి డ్రైవింగ్ రాదు. ఆ దారిలో సగం దూరం వెళ్లి ఆయన ఇలాగే వెనక్కి తిరిగితే, లేక దారే లేని వైపు తిరిగితే ఏమవుతుందో లెక్క వేయడానికి నాకు కంప్యూటర్ అక్కరలేదు. ఫోన్ అంకుల్‌కి ఇమ్మన్నాను.

"అంకుల్, డీజిల్ పోయించాక ఏ వైపు తిరిగారు?"

సెకనున్నర గడిచింది. ఇంకో సెకనున్నర. తర్వాత ఆయన, కోపం లేకుండా, తనిఖీలో లోపం కనిపెట్టిన మనిషిలా అన్నారు:

"నీ లిస్టులో అది లేదు కదయ్యా."

నిజమే. గ్యాస్ ఉంది, మెట్టు ఉంది, కొక్కెం ఉంది. ఏ వైపు తిరగాలో రాయలేదు. ఎవరికైనా అది రాయాల్సి వస్తుందని నాకు తోచలేదు.

"రేపు బండి తీయకండి అంకుల్."

"ఏడున్నరకు బయల్దేరాలని ఉంది లిస్టులో."

"లిస్టు మార్చాను. రాసుకుంటారా?"

"చెప్పు." పెన్సిలు చప్పుడు వినిపించింది.

"ఒకటి. తాళాలు ఆంటీకి ఇవ్వాలి. రెండు. సాయం వచ్చేదాకా బండి కదపకూడదు. మూడు. పాత లిస్టు చూడకూడదు."

"ఒకటి... తాళాలు... ఆవిడకి..." అంటూ ఆయన పలుకుతూ రాసుకున్నారు. రాయడం అయ్యాక గలగలమని తాళాల చప్పుడు, "ఇవిగోనే" అన్న మాట వినిపించాయి. "టిక్కు" అన్నారు.

బండి అద్దెకిచ్చినవాళ్ల నంబరు కోసం అంకుల్, ఆంటీల గదిలోకి వెళ్లాను. కాగితాలు అంకుల్ బీరువాలో ఉంటాయని ఆంటీ చెప్పారు. బీరువా తెరిచాను. తలుపు లోపలివైపు, చొక్కాలు పక్కకు జరిపితే తప్ప కనపడని చోట, ఒక పొడుగాటి చీటీ ఉంది. అవే గుండ్రటి అక్షరాలు.

"వంటిల్లు: ఎడమ. బాత్రూమ్: కుడి. మన అంతస్తు 9. ఆవిడకు చెప్పకు, భయపడుతుంది. అబ్బాయి: మనవాడు కాదు. అద్దెకుంటాడు. ఇంజినీరు. లిస్టులు రాస్తాడు. అడిగితే విసుక్కోడు."

ఆ గదిలో ఫ్యాన్ తిరగడం లేదు. కిటికీలు మూసి ఉన్నాయి. అయినా చీటీ కింది అంచు సన్నగా కదులుతోంది. నేను ఊపిరి వదులుతున్నానని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. హాల్లోకి వచ్చి మిగతా చీటీలు మళ్లీ చూశాను. డబ్బాల మీది రంగు వెలిసిపోయి, మూతల అంచులు పసుపెక్కి ఉన్నాయి. చీటీలు మాత్రం కొత్తవి. అన్నీ ఒకే తెలుపు. నేను ఈ ఇంటికి వచ్చే ముందే, ఒక్కసారిగా అంటించినవి. ఏడు నెలలుగా రోజూ చూస్తున్నాను. ఆయన జ్ఞాపకం జారిపోతున్న చోటల్లా నా జాబితాలు అడ్డం నిలబడ్డాయి. ఆంటీకి ఏమీ కనపడకుండా చేసినవి అవే.

మర్నాడు మధ్యాహ్నం, బండి అద్దెకిచ్చినవాళ్లు చెప్తే, డీజిల్ బంకు నుంచి ఒకతను వెళ్లి, బండి తను నడిపి వాళ్లను వెనక్కి తీసుకొచ్చాడు. దారి పొడుగునా అంకుల్ ముందు సీట్లో కూర్చుని నా కాగితం ఒళ్లో పెట్టుకున్నారట. వారం తిరగకముందే ఇద్దరూ సింగపూర్‌లో ఉన్నారు. మతిమరుపు జబ్బేనని, ఇక బండి నడపకూడదని డాక్టరు చెప్పారు. బీరువాలో చూసిన చీటీ సంగతి ఆంటీకి నేనే చెప్పాను. "ఉద్యోగంలో కూడా అన్నిటికీ చీటీలంటించేవారు బాబూ. అలవాటే అనుకున్నా" అన్నారు. ఆ తర్వాత బీరువా తలుపు సందులో చాలాసేపు నిలబడి దాన్ని చదువుకున్నారు. పీకేయలేదు.

ఆ రోజు నుంచి ముగ్గు పెద్దదైంది. మా బ్లాకులో ఏ అంతస్తు చూసినా ఒకటే: అదే వరండా, అదే నీలం రంగు ఇనుప తలుపు, అదే చోట కుళాయి మీటరు. "ముగ్గున్న గుమ్మం మనది. గుర్తుంటుందా?" అని ఆంటీ రోజూ చెప్పేవారు. అంకుల్ తల ఊపేవారు. ఆయన ఇల్లు ఆయన గుర్తుపట్టినంత కాలం కిందికి వెళ్లి టీ తాగి రావచ్చని వాళ్లిద్దరి మధ్య ఒప్పందం.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ లిఫ్ట్ దిగి, మా గుమ్మం ముందు ఆగి తాళం తీయబోయాను. తాళం తిరగలేదు. కింద ముగ్గు ఉంది. కానీ ఏదో తేడాగా ఉంది. వంగి చూశాను. చుక్కలు కొలబద్ద పెట్టి కొలిచినట్టున్నాయి. రేకులన్నీ తిన్నగా ఉన్నాయి. ఒక్కటీ వంగలేదు.

తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. చైనీస్ ఆంటీ ఒకావిడ నిలబడి ఉంది. తలెత్తి చూస్తే గోడ మీద 8 అంకె. నేనే ఒక అంతస్తు ముందు దిగిపోయాను.

"మీ అంకుల్ వేశాడు" అంది ఇంగ్లిష్‌లో. "నిన్న కూడా వచ్చాడు. ముగ్గు లేదేమిటని నా తలుపు ముందు నిలబడి చూశాడు. ఈరోజు సుద్ద తెచ్చుకుని కూర్చుని వేశాడు. ఎంత బాగుందో. కడగలేదు."

"తర్వాత ఎక్కడికెళ్లారు?"

"పైకి. మీ ఆంటీ పిలిస్తే వెళ్లాడు."

తుడిచేస్తే పోయేది. ఎవరికీ తెలిసేది కాదు. జేబులోంచి రుమాలు తీసి, మళ్లీ లోపల పెట్టుకుని, పైకి వెళ్లి ఆంటీని కిందికి తీసుకొచ్చాను.

ఆంటీ ముగ్గు ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒక్కో చుక్కా లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. "ఒక్కటీ తప్పలేదు" అన్నారు. "నాకంటే తిన్నగా వేశారు." ఆ తర్వాత, "తుడిచెయ్ బాబూ. లేకపోతే రేపూ ఇక్కడికే వస్తారు" అన్నారు.

చైనీస్ ఆంటీ ఇచ్చిన తడిగుడ్డతో తుడిచాను. గీతలు పోయాయి. చుక్కల చోట మాత్రం సుద్ద సిమెంటు గరుకులోకి దిగిపోయింది, ఎంత రుద్దినా రాలేదు. మర్నాటి నుంచి అంకుల్ ఒంటరిగా కిందికి వెళ్లడం ఆంటీ మాన్పించారు. నేను ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, ఎవరి కోసమైనా లిఫ్ట్ ఎనిమిదిలో ఆగి తలుపులు తెరుచుకున్నప్పుడల్లా, ఆ గుమ్మం ముందు నేల వైపు చూసేవాణ్ణి. చుక్కలు ఉండేవి, వరుస తప్పకుండా.