పరీక్షకు వేసిన పాట

మా ఉదయగిరి కేబుల్‌కి ఈ రోజు నెల్లూరు నుంచి కొత్త పెట్టె వచ్చింది. సినిమాలన్నీ కంప్యూటర్ మాదిరి లోపల దాచిపెట్టుకుని, ఊళ్ళో టీవీలన్నిటికీ తనే పంపిస్తుందంట. పొద్దున్నే బిగించేదానికి కూర్చున్నాను. పరీక్షకని చేతికందిన వీడియో టేపు పెట్టినాను. అది పోయిన క్రిస్మస్‌కి చర్చిలో తీసింది. అందులో ఒక పాటను పెట్టెలోకి ఎక్కించి, మూడో చానల్లో అదే మళ్ళామళ్ళా వచ్చేటట్టు సెట్ చేసి, వైర్ల పనిలో పడిపోయినాను.

మధ్యాహ్నం చెక్క గరిటెలు చేసే దానియేలు పెద్దాయన వచ్చినాడు. సగం చెక్కిన గరిటె చేతిలో అట్లనే ఉండాది. ఆయన్ని చూసినాక గాని నాకు గుర్తు రాలేదు, ఆ పాట పాడింది ఆయన భార్య సుగుణమ్మ. పోయిన నెల్లోనే సమాధి చేసినాం.

"తప్పయిపోయింది పెద్దాయనా, ఇప్పుడే తీసేస్తా" అన్నాను.

"తియ్యబాకరా! పొద్దున్నుంచి పాడతానే ఉండాది. సాయంత్రం దాకా ఉంటాదా అని అడిగిపోదామని వచ్చినా."

"ఆరింటికి సినిమా వెయ్యాల" అని, టేపు ఆయన చేతిలో పెట్టబోయినాను. తీసుకోలేదు. ఆయన ఇంట్లో టీవీ ఉండాది గానీ, టేపు వేసుకునే డెక్కు లేదు. గడప దాటబోతా వెనక్కి తిరిగినాడు.

"రేపు గూడా పరీక్ష ఉంటాదా, నాయనా?"

పెట్టె బాగానే పనిచేస్తా ఉండాది. అయినా రేపు ఇంకోసారి పరీక్ష చేస్తా. మూడో చానల్లో సినిమా రాలేదేందని తిట్టేవాళ్ళుంటే, ఇప్పుడే తిట్టేయండి.