టెంపో ఎక్కిన ఎర్ర గౌను

భివండీలో టెంపో వెనక మనిషి పరిగెత్తడం కొత్తేమీ కాదు. కానీ అక్కడి కనేరి పేటలో మా గల్లీ గల్లీ అంతా ఒకే టెంపో వెనక ఏడ్చుకుంటూ పరిగెత్తిన ఆదివారం ఒకటుంది. ఆ ఘనకార్యానికి కారణం నేనే. ఏడేళ్ళు దాటినా ఇప్పటికీ నేను సందులో నడుస్తుంటే ఎవరో ఒక తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను. మీరు నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. సాంచాలు రిపేరు చేసే మేస్త్రిని. సాంచా అంటే మావాళ్ళ మాటలో మరమగ్గం. నాగావ్ నుంచి గైబీ నగర్ దాకా ఏ షెడ్డులో సాంచా మొరాయించినా రమేశు మేస్త్రీ అని నన్నే పిలిచేవారు. నేను వెళ్ళి రెండు బోల్టులు బిగించి, ఒక స్ప్రింగు మార్చి, "ఇగ నడిపియ్యుండ్రి" అనేవాణ్ణి. అది నడిచేది. దాంతో ఈ లోకంలో నేను బిగిస్తే బాగుపడనిది ఏదీ లేదన్న నమ్మకం నాకు బాగా ముదిరిపోయింది.

మా అక్క సుజాత కూతురు మైథిలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళ కండరాలు బిగుసుకుపోయే ఇబ్బంది. రెండు కాళ్ళకూ క్యాలిపర్లు, అంటే కాలికి ఊతంగా కట్టే ఇనప పట్టీలు, చేతిలో వాకర్. నోటికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లీలో హిందీ. మూడింటిలోనూ నన్ను తిట్టగలిగేది.

నెలకోసారి అక్క దాన్ని ఠాణేలో ఫిజియో మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళేది. అక్కడ ఒక ట్రాంపొలిన్ ఉంది. స్ప్రింగుల మీద సాగదీసి కట్టిన పెద్ద గుడ్డ, పిల్లలు ఎగరడానికి. మేడమ్ దాని మీద మైథిలిని కూర్చోబెట్టి, పక్క నుంచి గుడ్డను మెల్లగా ఊపేది. నడుముకు బలం వస్తుందట. ఒకరోజు ఇంటికొచ్చిన మైథిలి క్యాలిపర్లు కూడా విప్పకుండా నా ముందు కూర్చుంది.

"మామా, మేడమ్ ఊపితే నేను ఊగుతున్న. గట్ల కాదు. నాకు నేనే ఎగరాలె. రెండు కాళ్ళు ఒక్కసారి లేవాలె. ఒక్కసారి చాలు."

"అంతేనా?" అన్నాను. చూశారా, అదే నా జబ్బు.

మూతపడిన ఒక పెళ్ళి హాలువాళ్ళు పిల్లల ఆటసామాను వదిలించుకుంటున్నారు. అందులో పెద్ద ట్రాంపొలిన్ ఒకటుంది. దాన్ని తెచ్చి మా ఇంటిని ఆనుకుని ఉన్న మా సాంచాల షెడ్డు వెనక పెట్టాను. అక్కడ పడి ఉన్న నాలుగు పాత సాంచాలు అంతకుముందే తుక్కుకు పోయాయి కనుక జాగా ఖాళీ. అక్క దాన్ని చూసి నెత్తి పట్టుకుంది.

"అది నేల మీదనే రోజుకు నాలుగుసార్లు పడుతది. నువ్వు గాలిలకు లేపి పడగొడుతవారా?"

"నేను లేనా అక్కా?"

"నువ్వున్నవనే నా భయం."

చివరికి ఫిజియో మేడమ్ ఫోన్లో ధైర్యం చెప్పింది. డాక్టరు తుంటి ఎక్స్‌రే చూసి సరేనన్నాడు, రోజూ కాసేపు సాధన చేస్తే పిల్ల తనంతట తానే ఎగరగలదు, కానీ తాను వచ్చి చూసి ఒప్పుకునేదాకా ఎవరూ ఎక్కొద్దని చెప్పింది. జాగ్రత్తల కాగితం కూడా పంపింది. అక్క తన తీర్పు కూడా చెప్పేసింది.

"ఆదివారం మేడమ్ వస్తది. ఆమె సూడాలె, నేను సూడాలె. నా మనసు ఒప్పకుంటే అదే దినం దాన్ని బయట పడేస్త. మళ్ళ ఈ ఇంట్ల ఎగురుడు ముచ్చట వద్దు."

దొరికేది ఒకే ఒక్క అవకాశమని మైథిలికి తెలుసు. నాకూ తెలుసు. నాకు తెలియనిది ఇంకా చాలా ఉంది.

కాగితం మరాఠీలో ఉంది. మైథిలి గడగడా చదవడం మొదలుపెట్టింది. "ఏకా వేళీ ఏకచ్. ఒక్కసారి ఒక్కలే ఎక్కాలె. మామా, ఇది పెద్ద అక్షరాల రాసిన్రు."

"అది పిల్లలు కొట్టుకుంటరని రాసిన్రే. మనకు కాదు."

"రెండోది, సామానుల ఏదీ మార్చొద్దు."

"స్ప్రింగుల గురించి నాకు చెప్తున్నరా? రోజూ స్ప్రింగులతోని అన్నం తినేటోన్ని."

"మూడోది..."

"నువ్వు ఊకో. ఇది నీకు తెల్వదు. మేస్త్రి పని."

ఎగరాల్సింది అది, చదివింది అది, తెలియదన్నది నేను. అప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.

ఇక పనిలో దిగాను. ట్రాంపొలిన్ గుడ్డ మీద చెయ్యి వేస్తే మెత్తగా దిగింది. నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, వదులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పడుగు వదులైతే గుడ్డ పాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. పిల్ల భద్రత అంటే బిగువే అని తేల్చుకుని, ఉన్న ప్రతి స్ప్రింగు పక్కనా ఇంకో సాంచా స్ప్రింగు తగిలించాను. రెండు రోజులు పట్టింది. చివర్లో గుడ్డ మీద వేలితో కొడితే డప్పులా మోగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత గర్వం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం అక్క ముందు పరీక్ష చేసి చూపించాలని నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. మైథిలిని నూలు బస్తాలు తూచే కాంటా మీద కూర్చోబెట్టాను.

"మామా, నేను నూలు బస్తానా?"

"కదలకు. ఇరవై ఒక్క కిలో. సరిగ్గ అంతే బరువు పెట్టి చూపిస్త. అప్పుడు మీ అమ్మ ఏమంటదో చూద్దాం."

ఒక గోనెసంచిలో పాడైన నూలు కోన్లు, పైన గుడ్డపేలికలు కుక్కి ఇరవై ఒక్క కిలోలు చేశాను. మైథిలికి ఇది తెగ నచ్చింది. తన పాత ఎర్ర గౌను ఇచ్చింది. నల్లనూలుతో రెండు జడలు అల్లింది. రిబ్బన్లు కట్టింది. బొగ్గుతో కళ్ళూ ముక్కూ గీసింది. అంతా అయ్యాక దూరం నుంచి చూస్తే, దేవుడి తోడు, నేనే ఒకసారి దాన్ని "మైథిలీ, చాయ్ తెమ్మను" అన్నాను.

ఆదివారం పదకొండయింది. షెడ్డు వెనక గల్లీ జనం చేరారు. ఎదురింటి పోచవ్వ ముందే పీట వేసుకుని కూర్చుంది. ట్రాంపొలిన్ చుట్టూ వల ఉంటుంది, పిల్లలు బయటపడకుండా. రోడ్డు మీది జనానికి కూడా కనబడాలని నేను రోడ్డు వైపు వల పైకి చుట్టేశాను. వల అవతల ఛాతీ ఎత్తు గోడ, గోడ అవతల రోడ్డు. రోడ్డు మీద గుడ్డ తానులు నింపుకున్న టెంపో ఒకటి ట్రాఫిక్కులో ఆగి ఉంది. మేడమ్ ఆటో కూడా అదే ట్రాఫిక్కులో ఎక్కడో ఇరుక్కుంది.

"మామా, మేడమ్‌ను రానియ్," అంది మైథిలి కుర్చీలోంచి.

"వచ్చేలోపల ఒక్కసారి చేసి పెడుత."

"ఐక్ నా మామా, జర విను. ఒక్కలే ఎక్కాలె."

"ఒక్కన్నే ఎక్కుతున్న. అది బస్తా."

అక్క అందరికీ చాయ్ తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను బస్తా మైథిలిని మధ్యలో కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, జనానికి దండం పెట్టి, "పిల్ల ఎట్ల భద్రంగ ఉంటదో చూడుండ్రి" అని నా డెబ్భై ఎనిమిది కిలోలతో ఒక్క ఎగురు ఎగిరి దిగాను.

నేను దిగాను. బస్తా లేచింది.

నా బరువంతా, ఆ రెండింతల స్ప్రింగుల బలమంతా దాని కిందికి పోయినట్టుంది. ఎర్ర గౌను గాల్లో విప్పారింది. రెండు జడలూ నిటారుగా నిలబడ్డాయి. గోడ దాటి, చక్కగా వెళ్ళి టెంపోలో తానుల మధ్య కూలబడింది. సరిగ్గా అప్పుడే ట్రాఫిక్కు కదిలింది. టెంపో వెళ్ళిపోయింది.

పోచవ్వకు చూపు సరిగా ఆనదు, గొంతుకు లోటు లేదు. "అయ్యో, పిల్ల ఎగిరిపాయె. రమేశుగాడు పిల్లను ఎగరేసిండు. టెంపోల పడ్డదయ్యో."

చాయ్ పళ్ళెంతో బయటికొచ్చిన అక్క గోడ అవతల దూరమవుతున్న ఎర్ర గౌనును చూసింది. పళ్ళెం వదిలేసింది. "నా బిడ్డా" అంటూ పరిగెత్తింది. పరిగెత్తింది ఎవరి పక్క నుంచి అనుకున్నారు? కుర్చీలో కూర్చున్న మైథిలి పక్క నుంచే.

"అమ్మా, నేనిక్కడున్న," అంటోంది అది.

ఎవరు వింటారు? అక్క వెనక పోచవ్వ, పోచవ్వ వెనక గల్లీ. "అరే, నేనిక్కడున్న. మై ఇధర్ హూఁ. మీ ఇథే ఆహే." మూడు భాషల్లోనూ చెప్పింది. మూడు భాషల్లోనూ ఎవరూ ఆగలేదు.

ఇక నా సంగతి. అది బస్తా అని ఆ గుంపులో తెలిసిన ఒకే ఒక్క పెద్దమనిషిని నేను. నింపింది నేను, తూచింది నేను. కానీ అందరూ అలా గుండెలు బాదుకుంటుంటే నాకూ ఏదో అయిపోయింది. గోడ దూకి, "మైథిలీ, భయపడకు, మామ వస్తున్న" అని ఏడుస్తూ అందరికంటే ముందు పరిగెత్తాను. ఇందులో ఒక్క అక్షరం అతిశయోక్తి లేదు.

నాగావ్ మలుపు దగ్గర టెంపో దొరికింది. డ్రైవరు దిగి వెనక్కి చూసి, ఎర్ర గౌనూ జడలూ కనబడగానే రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "భాయ్, మైనే కుఛ్ నహీఁ కియా" అని, తానేమీ చెయ్యలేదని మొత్తుకున్నాడు. అక్క టెంపో ఎక్కి బస్తాను ఎత్తి గుండెకు అదుముకుంది. అదిమిన అదుముకు కుట్లు తెగి, ఒక నూలు కోను దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

అక్క కోనును చూసింది, నన్ను చూసింది. తర్వాత ఆ బస్తాతోనే నన్ను కొట్టింది. ఇరవై ఒక్క కిలోలు. నేను చాలా కచ్చితంగా తూచాను కదా.

టెంపో వెనకే ఆగిన ఆటోలోంచి ఫిజియో మేడమ్ దిగింది. ఆమె మొత్తం చూసింది.

అందరం తిరిగొచ్చేసరికి మైథిలి కుర్చీలోనే ఉంది, ఒళ్ళో కాగితం పెట్టుకుని. అక్క వెళ్ళి దాన్ని పట్టుకుని ఏడ్చింది, ఈసారి అసలుదాన్ని. మేడమ్ ట్రాంపొలిన్ చుట్టూ తిరిగి, స్ప్రింగులు లెక్కబెట్టి, చుట్టిన వల చూసి, నావైపు చూసింది. బరువైనవాడు దిగితే ఆ ఊపంతా పక్కనున్న తేలికైన వాళ్ళను విసిరేస్తుందని, అందుకే ఒక్కరే ఎక్కాలన్నది మొదటి నియమమని హిందీలో చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"తీసెయ్ రా దీన్ని," అంది అక్క. "ఇప్పుడే. నా కండ్ల ముందర నుంచి తీసెయ్."

నేను మారుమాట లేకుండా పానా తీసుకున్నాను. అప్పుడు మైథిలి వాకర్ పట్టుకుని లేచి నిలబడింది.

"అమ్మా, ఎగిరింది నేను కాదు. నేను కాగితం మొత్తం చదివిన. ఒక్కలే ఎక్కాలె. వల చుట్టూ మూసి ఉండాలె. స్ప్రింగుల మీద మెత్త ఉండాలె. క్యాలిపర్లు విప్పాలె. ముందుగాల కూసోని ఎగరాలె, అలసిపోతే ఆపాలె. నేను మూడుసార్లు చెప్పిన. మామ వినలే. మామ తప్పుకు నన్నెందుకు ఆపుతవ్?"

నాకు సిగ్గేసింది. ఇన్ని రోజులుగా ఆ పిల్ల బరువు తూచాను, బొమ్మ చేశాను. దాని మాట మాత్రం ఒక్కటీ వినలేదు.

మైథిలి లేచినప్పుడు ఒళ్ళోంచి జారిన కాగితాన్ని అక్క తీసుకుంది. చివరికి మేడమ్ వైపు తిరిగి, "ఈ కాగితంల ఉన్నట్టు చేస్తే భయం లేదా మేడమ్?" అంది.

భయం ఎప్పుడూ కొంచెం ఉంటుంది, అందుకే కాగితం, అంది మేడమ్.

మూడు వారాలు పట్టింది. సాంచా స్ప్రింగులన్నీ విప్పాను. గుంట తవ్వి ట్రాంపొలిన్‌ను నేల మట్టానికి దించాను. వల కట్టాను, అంచుకు మెత్తలు కుట్టించాను. ప్రతి పనికీ ముందు మైథిలి కాగితం చదవాలి, నేను "సరే" అనాలి. మేడమ్ మళ్ళీ వచ్చింది, వంగి వంగి చూసింది, అక్క వైపు తల ఊపింది. అక్క తల ఊపడానికి ఇంకాస్త టైమ్ పట్టింది.

మైథిలి క్యాలిపర్లు విప్పి మధ్యలో కూర్చుంది, కాళ్ళు చాపుకుని. మేడమ్ అంచున కూర్చుంది. నాకూ ఏదన్నా పని ఇవ్వమని బతిమాలాను.

"ఆ స్టూల్ మీద కూసో. లేవకు," అంది మైథిలి. "లెక్కపెట్టు. ఇరవై కాంగనే బస్ అను. అంతకంటె ఎక్కువ వద్దన్నది మేడమ్."

అది రెండు అరచేతులూ గుడ్డకు ఆనించి నొక్కింది. ఒకటి, రెండు, మూడు. గుడ్డ కదిలింది, అది కదల్లేదు. నాలుగు. పెదవి కొరుక్కుని మళ్ళీ నొక్కింది. ఈసారి లేచింది. రెండు మడమలూ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి, నాలుగు వేళ్ళ ఎత్తు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ ఊపలేదు. అది కేక పెట్టలేదు, నవ్వలేదు. ఎక్కడ ఆగిపోతుందోనని మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి మేడమే చెయ్యెత్తి ఆపింది. "ఎన్ని అయ్యాయి?" అని నన్ను అడిగింది. అందరూ నావైపు తిరిగారు.

"నాలుగు," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ఏంది, నాలుగా?" అంది అక్క.

"నాలుగు దాంక పెట్టిన. ఆ తర్వాత కండ్లు కనబడలే."

మైథిలి నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క పని ఇచ్చిన మామా నీకు. ఒక్కటే." తర్వాత చెమట తుడుచుకుని మేడమ్ వైపు తిరిగి చాలా వినయంగా అంది, "మేడమ్, మామ లెక్క ప్రకారం నాలుగే అయినయ్. ఇంకా పదహారు ఉన్నయ్ కదా?"

మేడమ్ నవ్వాపుకోలేక, నీళ్ళు తాగి పావుగంట ఆగితే ఒప్పుకుంటానంది.

ఆ పావుగంటలో, ఆ స్టూలు మీద, గల్లీ జనం వింటుండగా నేను కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. సూర్యుడు పడమట పొడిచినా, భివండీలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినా, పిల్ల ఎగురుతుండగా నేను ఏడవను, లెక్క తప్పను.

మరుసటి ఆదివారం ఏడు దగ్గర తప్పాను.