ఎద్దు తిప్పిన హైడ్రాలిక్ గానుగ

నేను చెరుకుపల్లికి కాపురానికి వచ్చేసరికి మా అత్తవారి పెరట్లో ఒక నువ్వుల గానుగ, దాన్ని తిప్పే ఒక ముసలి ఎద్దు ఉండేవి. మామగారు పోయారు. ఆ ఎద్దుకు ముక్కుతాడు వేసింది ఆయనేనట. అందుకే అత్తగారు దాన్ని ఎద్దు అనేవారు కాదు, పెద్దబ్బాయి అనేవారు. చిన్నబ్బాయి మా ఆయన. ఇద్దరిలో ఎవరి మీద ప్రేమ ఎక్కువో నాకు వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది.

డెబ్బైల మొదట్లో మా ఆయన ఒకసారి బాపట్ల వెళ్లి, రోడ్డు పని దగ్గర లారీ తొట్టి దానంతటదే లేచి కంకర పోయడం చూసొచ్చారు. డ్రైవరు "నూనె ఒత్తిడండీ, హైడ్రాలిక్" అన్నాడట. ఇక ఆయనకు అన్నం సహించలేదు.

"నూనెతో కంకర లేస్తుంటే, నూనె తీసే గానుగ తిరగదంటావా?" అని నన్ను నిలదీశారు.

తెనాలిలో పాత ఇనుప సామాను కొట్లన్నీ గాలించి ఒక ఆయిల్ పంపు, ఒక ఆయిల్ మోటారు, బోలెడు రబ్బరు గొట్టాలు బస్సు టాపు మీద వేసుకొచ్చారు. పంపు నూనెను తోస్తే మోటారు తిరుగుతుంది, మోటారు గానుగను తిప్పుతుంది. పంపును తిప్పడానికి మాత్రం ఇంజను కావాలి. రేపల్లెలో పాతది ఒకటి చూసి ఉంచారు. అది కొనాలంటే ఎద్దును అమ్మాలి.

అత్తగారు కట్టుకొయ్యకు అడ్డంగా నిలబడ్డారు. "ముందు నీ మిషను తిరగనీరా, తర్వాత అమ్ముకో."

ఎద్దును అమ్మితే గాని ఇంజను రాదు. ఇంజను వస్తే గాని మిషను తిరగదు. మిషను తిరిగితే గాని ఆవిడ ఎద్దును వదలరు. ఆయన కొన్నాళ్లు మంచం మీద బోర్లా పడుకుని ఆలోచించారు. తర్వాత లేచి, పెరటి మూల పడున్న పాత చెరకు గానుగ పళ్లచక్రాలు తెచ్చి బిగించి, పంపు తగిలించి, దానికి ఎద్దును కట్టారు.

ఎద్దు పంపును తిప్పుతుంది. పంపు మోటారును తిప్పుతుంది. మోటారేమో, నిన్నటిదాకా ఎద్దు తిప్పిన గానుగనే తిప్పుతుంది.

"ఏవండీ, మధ్యలో ఇదంతా ఎందుకండీ?"

"నీకు తెలీదు, ఊరుకో. ఇది హైడ్రాలిక్."

మిషను నూనె కొనే స్తోమత లేక మా నువ్వుల నూనే పోశారు. తిరిగింది! కాకపోతే అతుకులన్నీ కారేవి. గానుగలో దిగింది దిగినట్టే పంపుకు పోయాల్సొచ్చేది. తాళింపుకు నేను పక్కింట్లో నూనె చేబదులు తెచ్చేదాన్ని. ఒళ్లు మండిపోయేది.

ఎలాగైతేనేం మిషను తిరిగింది, మాట మాటే. ఓ వారానికి అత్తగారు ఎద్దు నుదుటికి పసుపు రాసి, ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయారు. ఆయన దాన్ని సంతకు తోలుకెళ్లారు. ఆవిడ పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నాక్కూడా ముద్ద దిగలేదు.

సంతలో పిట్టలవానిపాలెం రైతొకాయన ఎద్దు పళ్లు చూసి "ముసలిదిగా" అన్నాడట. మా ఆయనకు పౌరుషం వచ్చి, "ముసలిదేంటండీ! హైడ్రాలిక్ మిషను నడుపుతోంది. డీజిలు అడగదు, పొగ రాదు, మొరాయించదు" అని ఊదరగొట్టారట.

"అంత మంచిదాన్ని ఎందుకమ్ముతున్నావు బాబూ?" అన్నాడట ఆ రైతు.

మా ఆయన పలుపు చేతికి చుట్టుకుని, ఎద్దును వెనక్కి తిప్పారట.

దీపాలు పెట్టే వేళకు గిట్టల చప్పుడు వినపడింది. అత్తగారు పరుగున వెళ్లి ఎద్దు మెడ పట్టుకుని భోరుమన్నారు. దోసెడు తెలకపిండి తెచ్చి తినిపించారు. ఆ తర్వాతే గుమ్మంలో దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ కొడుకు కనిపించాడు. గొట్టాలు విప్పేస్తానమ్మా అన్నారు ఆయన, తల వంచుకుని.

ఆవిడ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు. "చిన్నబ్బాయికి కూడా అన్నం పెట్టమ్మాయ్. అంత దూరమూ నడిచొచ్చాడు."