దారం కట్టని కొక్కెం

ఖాసిం బాబాయ్ పోయారని నాకు మొదట చెప్పింది ఆయన చిన్నకూతురు మీరాబీ. నరసరావుపేట నుంచి బస్సులో వచ్చి ఒక చెక్కపెట్టె నా చేతిలో పెట్టింది. మూత తీయగానే కిరసనాయిలూ సిరా కలిసిన వాసన. లోపల పెద్ద తెల్లదారపు ఉండ. "నీకే ఇమ్మన్నాడక్కా," అంది. స్వామి ముందు దీపం పెట్టి, ఆ ఉండ ఒళ్లో ఉంచుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఎనభైల్లో బాబాయికి పేటలో చిన్న అచ్చాఫీసు ఉండేది. బడి ముఖం చూడని నాకు, నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలే చాలునని ప్రూఫులు దిద్దే పని ఇచ్చారు. ఆ మేలు మరవలేను. అక్కడ అచ్చుకు వచ్చిన ఒక్కొక్కరి పనికీ గోడకు ఒక్కో కొక్కెం ఉండేది. దిద్దిన ప్రతిసారీ కొత్త ప్రూఫును పాతదాని మీద గుచ్చాలి. పాతవి పారేయమని పని ఇచ్చిన మనిషి తనంతట తానే చెబితేనే ఆ కొక్కేనికి తెల్లదారం. ఏమీ చెప్పకపోతే అన్నీ ఉంచాలి. వచ్చినవాళ్లను ప్రశ్నలతో విసిగించకూడదు, అడగనందువల్ల ఎవరికీ నష్టం రాకూడదు. ఆయన పెట్టిన పద్ధతి అది.

కొక్కేలు నిండిపోయేవి. వెతకలేక విసిగి, పద్ధతి తిరగేద్దామన్నాను. ఉంచమన్నవాళ్లకే దారం కట్టి, మిగతావాళ్ల పాతవి తీసేద్దామని. బాబాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చేసేది నువ్వేగా, నీ వీలు చూసుకో. కానీ ఉంచమని అడగొచ్చన్న సంగతే తెలియనోళ్లు చానామంది వస్తారమ్మా. వాళ్ల గతేందో చూడు."

చూస్తానని చెప్పి పద్ధతి మార్చేశాను. చూడలేదు.

మాచవరం వైపు రాళ్ల క్వారీలో పనిచేసే అంకయ్య, కోటప్పకొండ స్వామి మీద పాటలు కట్టాడు. చదువు రాదు. ఆయన పాడుతుంటే నేను రాసుకున్నాను. మొదటి ప్రూఫు తీసిన వారానికే జబ్బుచేసి పోయాడు. శివరాత్రికి పుస్తకం రావాలని భార్య నాగమ్మ ఆ ప్రూఫును ఊళ్లో మాస్టారి చేత దిద్దించి తెచ్చింది. ఆ మాస్టారు ప్రతి పాటా మార్చారు. నేను కొత్తది కూర్పించి, ఉంచమన్న దారం లేదు గనుక పాత ప్రూఫునూ నా రాతనూ తీసేశాను. అవి సిరా తుడిచే గుడ్డల్లో కలిసిపోయాయి.

కొత్త ప్రూఫు చదివి వినిపిస్తుంటే నాగమ్మ ఆపింది.

"మా ఆయన స్వామిని ఒరేయ్ మూడుకొండలోడా అని పిలిచేవాడు. ఈ దేవదేవుడెవరమ్మా? ఆయన మాటలు ఆయనకి పెట్టండి."

పల్లవులు ఆమెకు గుర్తున్నాయి. చరణాలు అందక, పాత కాగితాలు చూడమంది. నేను టైపు అరల వెనక్కి తప్పుకున్నాను. బాబాయ్ లేచి, పాత కాగితాలు తానే పారేశానని చెప్పారు.

"మీరు పారేసే మనిషి కాదంటారే, సాయిబు గారూ," అంది నాగమ్మ. ఆయన తల దించుకున్నారు.

మర్నాడు వెళ్లేసరికి కొక్కేల పద్ధతి మళ్లీ మొదటిలాగే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత పాతవి పారేయమని దారం కట్టించుకున్నవాళ్లు అరుదు. అందుకే ఉండ అంత పెద్దదిగా మిగిలింది.

పుస్తకం పల్లవులు అంకయ్యవిగా, చరణాలు మాస్టారివిగా వచ్చింది. ఏటా కొండెక్కుతూ, ఈసారి నాగమ్మకు నిజం చెబుతానని స్వామికి మొక్కుకునేదాన్ని. ఆమె పోయింది. ఇప్పుడు బాబాయీ పోయారు. ఆమెకు నిజమూ, ఆయనకు నా తప్పూ చెప్పుకోలేదు.

ఇప్పటికీ ఇంట్లో చిన్న చీటీ చించబోయినా, ఇది ఎవరిదో, వాళ్లకు అడగడం తెలుసో లేదోనని చెయ్యి ఆగుతుంది. అది ఆయన పెట్టిన భిక్షే.

మీరెవరూ ఆయనను చూసి ఉండరు. అంకయ్య మాటలు పారేసింది నేను. ఖాసిం బాబాయ్ తన జన్మలో ఎవరి కాగితమూ పారేయలేదు. ఆయనను దయచేసి అలాగే గుర్తుపెట్టుకోండి.