హార్డ్ డిస్కులో ఆమె గొంతు

కార్తీకం వెళ్ళిన మరునాడు, శుక్రవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ దుకాణం బల్ల మీద నా సీపీయూ డబ్బాను దించాను. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది, చూసి చెబుతున్నాను. నిర్మల్ నుంచి బస్సులో ఆ డబ్బాను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకొని వచ్చాను. పైన పెట్టమని కండక్టర్ రెండుసార్లు అన్నాడు. పెట్టలేదు. జగిత్యాల దాటేసరికి తొడలు మొద్దుబారిపోయాయి.

నా భార్య పోయి పద్నాలుగు నెలలు. ఆమె ఫొటోలు నా దగ్గర లెక్కలేనన్ని ఉన్నాయి. గొంతు లేదు. ఇద్దరికీ ఫోన్లు ఉండేవి కానీ ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నవాళ్ళం, ఒకరికొకరు ఫోన్ చేసుకునే అవసరం ఎక్కడ వస్తుంది? మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇంతకంటే రాయను. ఇంట్లో నేను మాట్లాడితే నా మాటే నాకు వినపడుతుంది. పోయిన ఎండాకాలం ఒక పొద్దున లేచి, ఆమె నన్ను ఎలా పిలిచేదో మనసులో అనుకోబోతే గొంతు రాలేదు. మాటలు గుర్తున్నాయి, గొంతు గుర్తు లేదు. అప్పటినుంచి నాకు ఒకటే పని, ఆ గొంతు వెతకడం.

నేను పెళ్ళి వీడియోలు తీసి బతికినవాణ్ణి. అంతకుముందు సిరిసిల్లలో మరమగ్గం నడిపాను. బావమరిదికి నిర్మల్‌లో ఫొటో స్టూడియో ఉంటే అక్కడికి పోయి కెమెరా పట్టాను. చదువు లేదు. వీడియో మొదట్లో పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు రాయడానికి కూడా ఇంకొకరి దగ్గరికి పోవాల్సి వచ్చేది. నలభై రెండేళ్ళకు నా భార్య నాకు అక్షరాలు నేర్పింది. ఆమె ఏడో తరగతి. పుస్తకం కొనలేదు, ఇంట్లో కుప్పలుగా పడి ఉన్న శుభలేఖలతోనే నేర్పింది. నాకు మొదట వచ్చిన అక్షరాలు అ, ఆ కావు, చి., ల., సౌ.

పెళ్ళికి ఇద్దరం పోయేవాళ్ళం. నేను కెమెరా, ఆమె లైటు. లైటు పట్టుకునే పాడేది. పసుపు పూసి స్నానం చేయించే మైలపోలుకు ఒక పాట, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. ఆడవాళ్ళు పాటలు మరిచిపోయిన ఇళ్ళలో ఆమెనే ముందు కూర్చోబెట్టేవారు. ఇంటికి వచ్చాక నేను చేసే మొదటి పని ఏమిటంటే, ఆ చప్పుడంతా తీసేసి మీద సినిమా పాటలు పరచడం. అందరూ అలాగే చేసేవారు. నేను అందరికంటే బాగా చేసేవాణ్ణి. వీడియో ఇచ్చేశాక అసలు తీసినదంతా చెరిపేసి అదే టేపు, అదే కార్డు ఇంకో పెళ్ళికి వాడేవాణ్ణి. అట్లా ఇరవై ఏళ్ళకు పైగా ఆమె పాడిన పాటలన్నీ నా చేత్తోనే పోయాయి.

ఒక్కటి మిగిలింది. ఆరేళ్ళ కింద ఉట్నూర్ దిక్కు ఒక పెళ్ళి. అప్పగింతల నాడే రెండిళ్ళ మధ్య మాట పెరిగింది, వీడియో కోసం ఎవరూ రాలేదు. నేనూ ముట్టుకోలేదు. తీసింది తీసినట్టే పాత హార్డ్ డిస్కులో ఉండిపోయింది. అది గుర్తొచ్చిన రోజు నేను అన్నం తినలేదు.

కానీ పెడితే నడవదు. పెద్ద ఫైలు, నా పాత కంప్యూటర్. పాట రెండు మాటలు వచ్చేది, ఆగేది, ఒక మాట వచ్చేది, మళ్ళీ ఆగేది. బొమ్మ బిగుసుకుపోయేది. ఆమె నోరు తెరిచి ఉండేది, గొంతు వచ్చేది కాదు.

ముందు ఆదిలాబాద్ పోయాను. అక్కడి దుకాణంలో ఉన్నతను సగం తెలుగు, సగం మరాఠీ.

"ఎడిటింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డే కాకా. గది ఏస్కో, గుర్రం లెక్క ఉర్కుతది."

"పాట ఆగకుంట ఇనపడ్తదా?"

"ఫికర్ జెయ్యకు. ఏక్‌దమ్ చాంగ్లా, మస్తుగుంటది."

కొన్నాను. బిగించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి పెడితే ఆగిన చోటే ఆగింది. అతను మోసం చేశాడని నేను అనను. ఎడిటింగుకు ఏది మంచిది అని అడిగాను, మంచిదే ఇచ్చాడు. నా దాంట్లో ఎక్కడ ఆగుతున్నదో నేను చూపించలేదు, అతను చూడలేదు. నొప్పి ఎక్కడో చెప్పకుండా మందు కొనుక్కున్నట్టు చేశాను.

కరీంనగర్ దుకాణం నడిపేది ఒక ఆడమనిషి, నలభై ఏళ్ళుంటాయి. భర్త దుబాయిలో ఉన్నాడు. స్క్రూ డ్రైవర్ నోట్లో పట్టుకొని పని చేస్తుంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె అత్త కూర్చుని చాటలో చింతపండు గింజలు తీస్తున్నది. బల్ల దగ్గర ఒక బడి సారు, పాడైన ప్రింటరు పట్టుకొని తన వంతు కోసం చూస్తున్నాడు.

"బిడ్డా, ర్యామ్ ఎయ్యాల్నా, ప్రాసెసర్ మార్చాల్నా, మొత్తం కొత్త సెట్టే కొనాల్నా, ఒక్క మాటల చెప్పు" అన్నాను.

"చూడకుంట ఎట్ల చెప్తా బాపూ? ఆగుతది అంటున్నవ్ గదా, నా ముంగట ఆపి చూపియ్యి."

చూపించాను. ఆమె తెర మీద ఇంకో కిటికీ తెరిచింది. అందులో పాములా కదిలే గీతలు ఉన్నాయి.

"గిది నీ కొత్త కార్డు. పండుకున్నది, దానికి పనే లేదు. గిది ప్రాసెసర్, జర ఆయాసపడ్తుంది గని నడుస్తది. గిటు చూడు, డిస్కు. నూటికి నూరు. అది అడిగినంత జల్ది ఇస్తలేదు, అందుకే మీదికెల్లి ఎంత పెద్దది బెట్టినా ఆగుతది." ఆ డిస్కును తీగలు ఊడదీయకుండానే బయటికి తీసి చెవి దగ్గర పెట్టుకున్నది. "కిర్‌కిర్ మంటుంది. ఎన్నేండ్లది?"

"ఎనిమిదేండ్లు."

"ఇంకా పెండ్లిళ్ళు తీస్తున్నవా?"

"బంద్ జేసిన."

"మరి ఎడిటింగ్ ఎవలికి?"

"నాకే. గీ ఒక్క పెండ్లే."

"చుట్టాలదా?"

"కాదు. అండ్ల పాడేది నా భార్య. పోయింది."

ఆమె స్క్రూ డ్రైవర్ కింద పెట్టింది. "నీకు కొత్త సెట్టు వద్దు" అన్నది. "ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకింత ర్యామ్, చాలు. గని గవి తర్వాత. ముందుగాల్ల దీంట్ల ఉన్నది బయటికి తియ్యాలె. ఒక్కపాలే. రెండోపాలి అస్తదో రాదో నేను జెప్పలేను."

"ఇప్పుడు రాకపోతే?"

"రాకపోతే రాదు బాపూ. అబద్ధం ఎందుకు చెప్పాలె."

నాకు అట్లా చెప్పేవాళ్ళే ఇష్టం. తియ్యమన్నాను.

ఎస్‌ఎస్‌డీ అంటే అరచేతిలో పట్టే కొత్త రకం డిస్కు, లోపల తిరిగేది ఏదీ ఉండదు, చప్పుడు చేయదు. పాత డిస్కు నుంచి దాంట్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. తెర మీద పచ్చటి గీత నెమ్మదిగా సాగింది. నూటికి అరవై ఒకటి దగ్గర నిలబడిపోయింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. డిస్కు లోపల ఏదో గోకుతున్నట్టు చప్పుడు. నేను కుర్చీలోంచి లేచాను.

"కూసో అన్నా" అన్నది అత్త. "నువ్వు నిలబడితే అది ఉర్కుతదా?"

"అమ్మా, నా ప్రింటరుకు గూడ మోక్షం ఉన్నదా ఇయ్యాల?" అన్నాడు సారు.

"పరీక్ష పేపర్లు గదా సారూ. ఒక్కరోజు ఆలస్యమైతే పోరలు నీకు దండం పెడ్తరు" అన్నది దుకాణం బిడ్డ.

సారు నవ్వాడు. కానీ పోలేదు, ప్రింటరు బల్ల కింద పెట్టి తనూ ఆ గీతనే చూస్తూ నిలబడ్డాడు. నేను గడియారం చూశాను. ఇరవై రెండు నిమిషాలు అరవై ఒకటి దగ్గరే ఉన్నది. తర్వాత అరవై రెండు అయ్యింది. అత్త చాట పక్కన పెట్టింది.

మొత్తం వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ర్యామ్ ఎక్కించి, కొత్త డిస్కు బిగించి, ఫైలు తెరిచింది. "చూడు బాపూ" అని మానిటర్ నా వైపు తిప్పింది.

నడిచింది. నీళ్ళు పారినట్టు నడిచింది. పందిరి, పసుపు పూసుకున్న పెళ్ళికూతురు, చుట్టూ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక లైటు పట్టుకొని నా భార్య. పాట అందుకున్నది. ఆ గొంతు. కొంచెం బొంగురు, చివర కాస్త పైకి లేచేది. ఇదే కదా నేను మరిచిపోయింది అనుకున్నాను. రెండు మాటలు పాడింది. ఆగింది.

"మల్ల ఆగింది బిడ్డా" అన్నాను.

"ఆగలే. బొమ్మ నడుస్తనే ఉంది, చూడు."

నిజమే. ఆడవాళ్ళు కదులుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు, కుండలోంచి నీళ్ళు పోస్తున్నారు. పాట ఒక్కటే లేదు. దుకాణం బిడ్డ వెనక్కి తిప్పి చప్పుడు పెంచింది. కెమెరాకు బాగా దగ్గరగా ఒక మగ గొంతు వినపడింది. "ఏయ్, జర ఆపుతవా? ఎట్లైన సినిమా పాటలు ఏస్త గదా. లైటు గిటు పట్టు."

పాట ఆగింది. బొమ్మ మీద వెలుతురు పెరిగింది.

ఇంకొంచెం ముందుకు పోయాక నా భార్య మళ్ళీ అందుకున్నది, మళ్ళీ ఆ గొంతు ఆపింది. మూడోసారి ఏయ్ అని కూడా అనలేదు, నాలుకతో "చ్" అన్నాడంతే. ఆమె ఆపేసింది. ఇన్ని నెలలు కంప్యూటర్ ఆపుతున్నదని నేను అనుకున్నవాటిలో ఎన్ని కంప్యూటర్‌వో ఎన్ని ఇవో ఇప్పుడు తేల్చలేను.

"ఎవడే వాడు, కడుపు మండ" అన్నది అత్త. "మంచిగ పాడుతుంటే పాడనియ్యడు."

"నేనే" అన్నాను.

సారు తెర వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. దుకాణం బిడ్డ ఫైలును ఆపలేదు, నడవనిచ్చింది. అందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఎందుకంటే ఇంకో అరగంట పోయాక కెమెరా కదలకుండా నిలబడింది. స్టాండు మీద పెట్టి, బంద్ చేయడం మరిచి, నేను అన్నానికి పోయి ఉంటాను. నా భార్య లైటు కూడా దించేసింది, బొమ్మ చీకటి చీకటిగా ఉంది. ఆ చీకట్లో ఆమె కింద కూర్చుని ఒక పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. పెళ్ళికొడుకు అక్కను ఎగతాళి చేసే పాట. మధ్యలో తనే నవ్వుకున్నది. నేను పక్కన ఉన్నప్పుడు ఆమె అంత తీరిగ్గా పాడగా నేను వినలేదు. అత్తకు ఆ పాట వచ్చు, రెండో చరణం నుంచి పెదవులు కదిపింది.

అయిపోయాక దుకాణం బిడ్డ మెల్లగా అడిగింది. "బాపూ, గీ కంప్యూటర్ ఇప్పుడు ఎంతైనా కోస్తది. ఆ మాటలు తీసేసి పాట ముక్కలన్ని కలిపియ్యాల్నా? పది నిమిషాల పని."

ఆ పని నాకు ఆమెకంటే బాగా వచ్చు. ఎక్కడ కోస్తే అతుకు కనపడదో చూస్తూనే తెలిసిపోయింది. "వద్దు బిడ్డా" అన్నాను. "తీసింది తీసినట్టే ఉండనియ్యి. ఇంకోటి గూడ దీన్నే కాపీ జెయ్యి, పాడైతే ఉంటది."

రెండో కాపీ ఏడు నిమిషాల్లో అయిపోయింది.

ఆ రోజు అక్కడ నా భార్య పాట విన్నవాళ్ళు: దుకాణం నడిపే బిడ్డ, చింతపండు చాటతో ఆమె అత్త, ప్రింటరు తెచ్చుకున్న బడి సారు, నేను.